కాదన్నవాళ్లు వెళ్లిపోయాక

1962 అక్టోబర్ 22, ఉదయం. భూటాన్ సరిహద్దుకు దగ్గర్లో, అడవి కమ్మిన కొండల్లో ఒక చిన్న గుంపు దారి వెతుక్కుంటూ నడుస్తోంది. రెండు రోజులుగా తిండి లేదు. వాళ్లను నడిపిస్తున్నది బ్రిగేడియర్ జాన్ పరశురామ్ దాల్వీ. వయసు 42. మొన్న తెల్లవారుజాము దాకా భారత సైన్యపు 7వ పదాతి బ్రిగేడ్ మొత్తం ఆయన మాట మీద నడిచింది. ఇప్పుడు మిగిలింది ఈ గుప్పెడు మనుషులే. ఒకచోట కొండ దిగేసరికి ఎదురుగా చైనా సైనికులు నిలబడి ఉన్నారు. అంతటితో ఆయన యుద్ధం ముగిసింది. తర్వాత ఏడు నెలలు బందీగా గడిచాయి.

చైనాతో ఆ యుద్ధంలో మన ఓటమి సంగతి వచ్చినప్పుడల్లా బూట్లు లేవనీ, కంబళ్లు లేవనీ, తుపాకులు పాతవనీ మన పెద్దవాళ్లు చెప్పుకునేవారు. ఆ లెక్క సరైనదే. కానీ లేనివాటిలో అన్నిటికన్నా ముందు లేకుండా పోయింది ఒక మాట. 'ఇది జరగదు, నా మనుషులు ఊరికే చచ్చిపోతారు' అని పైవాడి ముఖం మీద చెప్పి, చెప్పిన మాట మీద నిలబడే సేనాని. అలాంటివాళ్లు మన సైన్యంలో పుట్టలేదా అంటే పుట్టారు. వాళ్లను మనమే ఒక్కొక్కరిగా పక్కకు తప్పించాం. నమ్‌కా చూ అనే సన్నటి కొండవాగు ఒడ్డున జరిగినదంతా ఆ తప్పించడం మొదలైన రోజే మొదలైందని నేను నమ్ముతాను.

జనరల్ తిమ్మయ్యతో మొదలుపెట్టాలి. కొడగు మనిషి. రెండో ప్రపంచ యుద్ధంలో బర్మా రంగంలో బ్రిగేడ్‌ను నడిపిన అనుభవం ఉన్నవాడు. 1948 నవంబర్‌లో జోజిలా కనుమ మీదికి ట్యాంకులు ఎక్కవని అందరూ అనుకుంటున్నప్పుడు వాటిని ఎక్కించి, ముందు ట్యాంకులో తానే కూర్చుని వెళ్లినవాడు. 1957లో సైన్యాధిపతి అయ్యారు. రక్షణ మంత్రి కృష్ణ మీనన్‌తో ఆయనకు పొసగలేదు. పదోన్నతులు మంత్రికి నచ్చినవాళ్లకు వెళ్తున్నాయనీ, సైన్యం మాటకు విలువ లేకుండా పోతోందనీ ఆయన బాధ. 1959 ఆగస్టు 31న రాజీనామా ఇచ్చారు. నెహ్రూ పిలిచి బుజ్జగించారు. తిమ్మయ్య ఉత్తరం వెనక్కి తీసుకున్నారు. రెండు రోజులు తిరక్కుండానే పార్లమెంటులో ప్రధాని ఆ సంగతినంతా తేలిక చేసి మాట్లాడారు.

ఆ ఉత్తరం వెనక్కి తీసుకోకుండా ఉంటే ఏమయ్యేదో ఎవరూ చెప్పలేరు. తీసుకున్నాక ఏమైందో మాత్రం కంటోన్మెంట్లన్నిటికీ తెలిసింది. సైన్యాధిపతి అంతటివాడే కాదని, మళ్లీ సరేనన్నాడు. ఆ సరేనన్నందుకు సభలో చిన్నబోయాడు. ఇక మేజర్లూ కల్నళ్లూ నేర్చుకోవాల్సిన పాఠం వేరే ఏముంది? అప్పుడు ఆయన వెనక్కి తగ్గి ఉండకూడదని నాకు ఎంతో బాధగా అనిపిస్తుంది. ఆయన మీద గౌరవం ఉంది కనుకే ఆ బాధ.

అదే ఏడాది లక్నోలో తూర్పు కమాండ్ అధిపతి లెఫ్టినెంట్ జనరల్ థోరాట్ తన బల్ల మీద మ్యాపులు పరుచుకుని కూర్చున్నారు. సరిహద్దు గీత మీదే నిలబడి చైనాను ఆపడం కుదరదనీ, అక్కడికి మనకు రోడ్లు లేవనీ, శత్రువును లోపలికి రానిచ్చి వాడి సరఫరా దారులు సాగదీసి బొమ్‌డిలా వరుసలో కొట్టాలనీ ఆయన లెక్క కట్టారు. 1960 మార్చిలో 'లాల్ ఖిలా' పేరుతో యుద్ధాభ్యాసం పెట్టి ఆ లెక్కను సరిచూసుకున్నారు కూడా. ఒక సేనాని బుర్ర ఎలా పనిచేయాలో చెప్పడానికి దీన్ని మించిన ఉదాహరణ లేదు. కోరికను పక్కన పెట్టి కొండను చూశాడు, దారిని చూశాడు, మోసే కూలీ వీపును చూశాడు. ఆ ప్రణాళిక సొరుగులోకి వెళ్లిపోయింది. తన తర్వాత సైన్యాధిపతిగా థోరాట్ పేరునే తిమ్మయ్య సూచించారు. 1961లో ఆ పదవి జనరల్ థాపర్‌కు దక్కింది. థోరాట్ పదవీ విరమణ చేసి ఇంటికి వెళ్లిపోయారు.

నీలగిరుల్లోని వెల్లింగ్టన్ స్టాఫ్ కాలేజీలో అధికారులకు పాఠాలు చెప్పించే పదవిలో అప్పట్లో మానెక్‌షా ఉండేవారు. మనసులో మాట దాచుకోని మనిషి. ఆయన మీద దేశభక్తి సరిపోదన్నట్టుగా ఆరోపణలు అల్లి విచారణ నడిపారు. చివరికి నిర్దోషిగా తేలారు. తేలేదాకా ఆయన పదోన్నతి ఆగిపోయింది. రేపటి సేనానులను తయారుచేసే బడిలో పెద్ద పంతులునే బోనులో నిలబెడితే పిల్లలకు ఏ పాఠం అర్థమవుతుందో అదే అర్థమైంది. మెస్సులో కూర్చుని మాట్లాడేటప్పుడు గొంతులు తగ్గాయి.

అలా ఖాళీ అయిన చోటికి వచ్చినవాడు లెఫ్టినెంట్ జనరల్ బ్రిజ్‌మోహన్ కౌల్. ఆయన్ను దుర్మార్గుడిగా చెప్పడం నాకిష్టం లేదు. శాండ్‌హర్స్ట్‌లో చదివారు. అలుపెరగని మనిషి, పని చేయించడం తెలిసినవాడు, నెహ్రూ నమ్మిన మనిషి. లోపం ఒకటే, ప్రాణాంతకమైనది: యుద్ధంలో పదాతి పటాలాన్ని నడిపిన అనుభవం ఆయనకు లేదు. సరఫరా విభాగంలోనూ, బల్లల దగ్గరా, దౌత్య పనుల్లోనూ ఎక్కువ కాలం గడిచింది. అంబాలాలో 4వ డివిజన్‌కు అధిపతిగా ఉన్నప్పుడు జవాన్ల చేతనే ఇళ్లు కట్టించి, చెప్పిన గడువుకు పూర్తి చేసి చూపించారు. ఇటుక మీద ఇటుక పేర్చే పనిలో గట్టిగా పూనుకుంటే గడువు కలిసొస్తుంది. ఎదుటి కొండ మీద కూర్చున్న శత్రువు మన గడువు వినడు. ఆ తేడా తెలియాలంటే ఎప్పుడో ఒక రాత్రి గుండ్ల కింద తన మనుషులతో పడుకుని ఉండాలి.

ఆ 4వ డివిజన్ సామాన్యమైనది కాదు. దాని గుర్తు ఎర్ర గద్ద. 1941లో ఎరిట్రియాలోని కెరెన్ కొండల మీద, తర్వాత అలమీన్ ఇసుకలో, ఇటలీలోని కసీనో దగ్గర నెత్తురు ధారపోసి పేరు తెచ్చుకున్న డివిజన్. పంజాబ్ మైదానాల్లో యుద్ధానికి అలవాటుపడ్డ దాన్ని 1959 చివర్లో ఈశాన్య సరిహద్దు కొండలకు, అప్పటి నేఫాకు తరలించారు. గద్ద గుర్తు భుజాల మీద అలాగే ఉంది. కింద కాళ్లకు మాత్రం ఆ కొండలు కొత్త.

1962 జూన్‌లో నమ్‌కా చూ దగ్గర ధోలా అనే చిన్న ఠాణా పెట్టారు. ఉత్తరాన థాగ్‌లా గుట్ట, దక్షిణాన మన గుట్ట, మధ్యలో లోతుగా ఈ వాగు. సెప్టెంబర్ 8న చైనా సైనికులు గుట్ట దిగి వచ్చి ఠాణాను ముట్టడించినట్టుగా కూర్చున్నారు. ఢిల్లీలో పత్రికలు మండిపడ్డాయి. వాళ్లను వెళ్లగొట్టాలన్న నిర్ణయం జరిగిపోయింది.

సెప్టెంబర్ 22న జరిగిన ఒక సంగతి నన్ను వదలదు. నెహ్రూ, మీనన్ ఇద్దరూ అప్పటికి విదేశాల్లో ఉన్నారు. వెళ్లగొట్టే పనికి పూనుకుంటే లద్దాఖ్‌లో చైనా ఎదురుదెబ్బ తీస్తుందని సైన్యాధిపతి థాపర్‌కు భయం ఉంది. సమావేశంలో ఆ భయం చెప్పారు. అయినా ముందుకే అన్నారు. అప్పుడు ఆయన ఆజ్ఞను రాతపూర్వకంగా ఇవ్వమని అడిగారు. రక్షణ శాఖలో ఒక జాయింట్ సెక్రటరీ సంతకం పెట్టి ఆ కాగితం ఇచ్చారు. కాగితం అందింది కనుక పని మొదలైంది. తన మనసు కుదరదంటున్నప్పుడు సేనాని అడగాల్సింది కాగితమేనా? ఆ కాగితం ఆయనకు రక్షణ ఇచ్చి ఉండొచ్చు. వాగు ఒడ్డున ఉన్న జవానుకు అది కప్పుకోవడానికి కూడా పనికిరాలేదు.

లెఫ్టినెంట్ జనరల్ ఉమ్రావ్ సింగ్ 33వ కోర్‌కు అధిపతి. ఆయన కాగితం అడగలేదు, లెక్క రాసి పంపారు. థాగ్‌లా మీదికి వెళ్లాలంటే ఇన్ని పటాలాలు, ఇన్ని తోపులు, ఇన్ని రోజుల తిండి, ఇంత మందుగుండు ముందుగా అక్కడ పోగుపడాలి. అంతదాకా ఆజ్ఞ ఇవ్వలేనన్నారు. సేనాని చేయాల్సిన పని అదే. దాని ఫలితంగా ఆ ప్రాంతాన్నే ఆయన చేతుల్లోంచి తీసేశారు. అక్టోబర్ 4న కొత్తగా 4వ కోర్ పుట్టింది. దాని అధిపతిగా కౌల్ తేజ్‌పూర్‌లో దిగారు. ధృతరాష్ట్రుడి కొలువులో విదురుడి మాట చెల్లకపోయినా ఆయన కొలువులో కూర్చునే హక్కు అయినా చాలాకాలం మిగిలింది. ఉమ్రావ్ సింగ్‌కు ఆ వ్యవధి కూడా దొరకలేదు.

కింద వాగు ఒడ్డున, 4వ డివిజన్‌కు చెందిన దాల్వీ బ్రిగేడ్ మనుషుల పరిస్థితి ఇదీ. వేసవి నూలు బట్టలు. మనిషికి ఒక కంబళి. సంచిలో యాభై తూటాలు. సరుకులు విమానాల్లోంచి సాంగ్‌ధర్ గుట్ట మీద జారవిడిచేవారు. అందులో చాలా భాగం లోయల్లోకి దొర్లిపోయేది; దొరికినదాన్ని వీపున మోసుకుని కిందికి దించాలి. కందకాల మీద కప్పు వేయడానికి దుంగలు కావాలి, చెట్లు నరకడానికి సరైన పనిముట్లు లేవు. మట్టి తవ్వే పారలతోనే మానులు నరికారు. వాగుకు అడ్డంగా దుంగల వంతెనలు ఐదు ఉన్నాయి. ఒకటో వంతెన, రెండో వంతెన అని వాటికి పేర్లు. వంతెనలను కాపాడమన్నారు కనుక పటాలాలు వాటి చుట్టూ, లోయ అడుగున, శత్రువు కళ్లముందు పరుచుకుని కూర్చున్నాయి. అక్టోబర్ నడిమికి వాగులో నీళ్లు తగ్గిపోయాయి. వంతెన అవసరమే లేకుండా ఎక్కడైనా కాళ్లతో దాటొచ్చు. అయినా మన పటాలాలు వంతెనలకే అంటుకుని ఉన్నాయి. మ్యాపు మీద అలా గీశారు మరి.

కౌల్ అక్కడికి స్వయంగా వచ్చారు. ఎత్తైన దారిలో ఊపిరి అందక కొంత దూరం ఒక కూలీ వీపు మీద కూర్చుని రావాల్సొచ్చింది. అయినా వచ్చారు, ఆ పట్టుదలను కాదనలేం. అక్టోబర్ 10 కల్లా కదలాలన్నారు. థాగ్‌లా పక్కన సెంగ్‌జోంగ్ అనే చోటికి 9 పంజాబ్ పటాలానికి చెందిన ఒక చిన్న దళాన్ని పంపారు. దళానికి నాయకుడు మేజర్ చౌధురి. పదో తేదీ ఉదయం చైనావాళ్లు వందల సంఖ్యలో వాళ్ల మీద పడ్డారు. పంజాబీలు మొదటి దాడిని తిప్పికొట్టారు. చౌధురి వాగు ఇవతల ఉన్న దాల్వీని మోర్టార్లతో, మెషిన్‌గన్లతో కాపు ఇవ్వమని అడిగారు.

దాల్వీ ఇవ్వలేదు. ఇస్తే తన దగ్గర ఉన్న కాస్త మందుగుండు గంటలో అయిపోతుంది. వాగు ఒడ్డున బయటపడి ఉన్న బ్రిగేడ్ మొత్తం మీదికి శత్రువు విరుచుకుపడతాడు. కొద్దిమందిని కాపాడబోయి వేలమందిని పోగొట్టుకోవాలి. ఒక సేనాని మనసు ఎంత గట్టిపడాలో, ఆ గట్టిదనం లోపల ఎంత నెత్తురు కారుతుందో ఆ ఒక్క జవాబులో ఉంది. నిర్ణయం సరైనదే. సరైన నిర్ణయాలు కూడా మనిషిని బతికినంత కాలం వెంటాడతాయి. చౌధురి బతకలేదు, మరణానంతరం మహావీర చక్ర ఇచ్చారు. చనిపోయిన మనవాళ్లను చైనా సైనికులు సైనిక మర్యాదలతో పాతిపెట్టడం వాగు ఇవతలి ఒడ్డు నుంచి మనవాళ్లు చూశారు.

కళ్లారా చూశాక కౌల్‌కు అర్థమైంది. ఢిల్లీకి వెళ్లి పరిస్థితి చెప్పారు కూడా. కానీ బ్రిగేడ్‌ను ఆ లోయలోంచి పైకి తీసేయాలని తెగేసి చెప్పే మాట ఆయన నోట రాలేదు, రప్పించేవాళ్లూ ఆ గదిలో లేరు. దాడి ఆగింది, మనుషులు మాత్రం అక్కడే ఉండాలన్నారు. అక్టోబర్ 12న సిలోన్ వెళ్తూ నెహ్రూ, మన నేలను విడిపించమని సైన్యానికి చెప్పామని విలేకరులకు చెప్పారు. ఆ తర్వాత వెనక్కి అడుగు వేయించడం ఎవరికి సాధ్యం? కొద్దిరోజులకే కౌల్ జబ్బుపడి ఢిల్లీలో తన ఇంటి మంచం పట్టారు. కోర్ పగ్గాలు అప్పుడు కూడా వదల్లేదు. మంచం మీది నుంచే ఫోన్లో ఆజ్ఞలు ఇచ్చారు.

అక్టోబర్ 19న అవతలి ఒడ్డున కదలికలు దాచుకోకుండా జరుగుతున్నాయి. దాల్వీ తన డివిజన్ అధిపతి నిరంజన్ ప్రసాద్‌కు ఫోన్ చేశారు. వాగు విడిచి పైకి వెళ్లనివ్వమన్నారు. కుదరదన్నారు. నా మనుషుల ఊచకోత చూస్తూ నిలబడే కన్నా రాజీనామా చేస్తానన్నారు దాల్వీ. రేపు నేనే వస్తానని జవాబు వచ్చింది. ఆ రేపు రాలేదు. మూడేళ్ల కిందట సైన్యాధిపతి తన రాజీనామాను వెనక్కి తీసుకున్నప్పుడే ఆ మాట పదును పోయింది. ఇప్పుడు ఒక బ్రిగేడియర్ నోట అది ఉత్త ఆక్రందనగానే మిగిలింది.

మర్నాడు తెల్లవారుజామున ఐదింటికి తోపులు మోగాయి. రాత్రికి రాత్రే చైనావాళ్లు మన దళాల మధ్య సందుల్లోంచి వాగు దాటి, మన గుట్ట ఎక్కి, పైనుంచి, వెనకనుంచి దిగారు. వాగు వైపు తిప్పి తవ్వుకున్న కందకాలకు అది వీపు వైపు. 2 రాజ్‌పుత్‌లు, గోర్ఖాలు ఉన్నచోటనే కలబడ్డారు. మేజర్ పంత్ కంపెనీలో 112 మంది. వరసగా మూడు దాడులు ఆపారు. 82 మంది చనిపోవడమో గాయపడడమో జరిగింది, పంత్ కూడా పోయారు. ఆ ఉదయం 2 రాజ్‌పుత్ పటాలంలో ఉన్నది 513 మంది. 282 మంది చనిపోయారు. కొద్ది గంటల్లో ఒక బ్రిగేడ్ లేకుండా పోయింది. వెనక ఉన్న గుట్టలు ఎక్కి చెల్లాచెదురైనవాళ్లలోనే దాల్వీ కూడా ఉన్నారు.

కథ అక్కడితో ఆగలేదు. తవాంగ్ పోయింది. నాలుగు వేల మీటర్లకు పైన ఉన్న సేలా కనుమ మీద కొత్త వరుస నిలబెట్టారు. అది నమ్‌కా చూ లాంటి గొయ్యి కాదు, మంచి చోటు. కనుమను పట్టుకున్నది 62వ బ్రిగేడ్, నాయకుడు బ్రిగేడియర్ హోషియార్ సింగ్. తిండి ఉంది, మందుగుండు ఉంది, తోపులు ఉన్నాయి. నవంబర్ 17న కనుమ ముందు నూరనాంగ్ దగ్గర 4 గఢ్‌వాల్ జవాన్లు వరస దాడులు తిప్పికొట్టారు. అంటే నిలబడగల సైన్యమే అది.

డివిజన్‌కు కొత్త అధిపతి మేజర్ జనరల్ పఠానియా. ఇక్కడే ఈ గాథలో నన్ను ఎక్కువ కలవరపెట్టే సంగతి ఉంది. పఠానియా పిరికివాడు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో మిలిటరీ క్రాస్, 1948 కశ్మీర్ యుద్ధంలో మహావీర చక్ర పొందినవాడు. తన ప్రాణాన్ని గుండ్లకు ఎదురుపెట్టడం తెలిసిన మనిషి. కానీ ఒక పటాలం ముందు నిలబడి పరిగెత్తే గుండె వేరు. డివిజన్ కేంద్రం ఉన్న దిరాంగ్ లోయలో చీకట్లో కూర్చుని, చుట్టుకుంటున్న శత్రువు గురించి సగం సగం వార్తలు వింటూ, వేలమంది తరఫున 'ఇక్కడే ఉందాం' అని తేల్చుకునే గుండె వేరు. మొదటిది నెత్తుట్లో ఉండొచ్చు. రెండోదాన్ని ఏళ్ల తరబడి పెంచాలి. తప్పు చెప్పినా తల తీయని పెద్దల దగ్గర, నిజం చెప్తే మెచ్చుకునే మెస్సుల్లో పెరగాలి. అప్పటి సైన్యంలో ఆ నేల ఎండిపోయి ఉంది.

నవంబర్ 17 రాత్రి పఠానియా వెనక్కి వస్తామని కోర్‌ను అడిగారు. కౌల్ నేఫా తూర్పు చివర ఉన్న వాలాంగ్ వైపు వెళ్లి ఉన్నారు. సైన్యాధిపతి థాపర్, తూర్పు కమాండ్ అధిపతి సేన్ తేజ్‌పూర్‌లోనే ఉన్నారు. ఇద్దరూ తేల్చలేదు, కౌల్ వచ్చి చెప్పాలన్నారు. కౌల్ వచ్చాక ముందు సరేనన్నారు, తర్వాత మార్చారు: శక్తి ఉన్నంతవరకు నిలబడు, కుదరకపోతే వెనక్కి రావడం నీ ఇష్టానికే వదిలేస్తున్నానన్నారు. ముగ్గురు పెద్ద జనరళ్లు ఒకే ఊళ్లో ఉండి, ఆ బరువును కింద ఉన్న ఒంటరి మనిషి నెత్తిన పెట్టారు. తెల్లారాక, తుపాకుల చప్పుడు దగ్గరపడగానే పఠానియా దిరాంగ్ విడిచి మైదానాల వైపు వెళ్లిపోయారు. మరో రోజు గడవకముందే బొమ్‌డిలా పడింది. కెరెన్ కొండలు ఎక్కిన ఎర్ర గద్ద రెక్కలు ఆ లోయల్లోనే విరిగాయి.

నవంబర్ 21న చైనా తానే కాల్పుల విరమణ ప్రకటించింది. థాపర్ తప్పుకున్నారు, కౌల్ రాజీనామా ఇచ్చారు, మీనన్ అంతకుముందే వెళ్లిపోయారు. 4వ కోర్ పగ్గాలు ఇచ్చింది ఎవరికంటే, బోనులో నిలబెట్టిన మానెక్‌షాకే. తన రాతపూర్వక ఆజ్ఞ లేకుండా ఎవరూ వెనక్కి రాకూడదన్నది అక్కడ ఆయన మొదట చెప్పిన మాటల్లో ఒకటి. ఎందుకు ఓడామో తేల్చమని సైనికాధికారులు హెండర్సన్ బ్రూక్స్, ప్రేమ్ భగత్‌లకు అప్పగించారు. 1963లో వాళ్లిచ్చిన నివేదికను ప్రభుత్వం అధికారికంగా ఈనాటికీ బయటపెట్టలేదు. దాల్వీ అదే ఏడాది మే నెలలో తిరిగి వచ్చి, 1969లో 'హిమాలయన్ బ్లండర్' అనే పుస్తకం రాశారు. 1974లో కన్నుమూశారు.

సేలా మీద హోషియార్ సింగ్ వెనక్కి రావడానికి ఒప్పుకోలేదు. ఆయన మనుషులు ఉన్నచోట స్థిరంగా ఉన్నారు, పోరాడతామనే చెప్పారు. ఆజ్ఞ వచ్చింది కనుక కదిలారు. చీకట్లో, కనుమ దారిలో, రెండు పక్కలా గుండ్లు పడుతుండగా ఆ మంచి బ్రిగేడ్ ముక్కలు ముక్కలైంది. దారులు మూసుకుపోయాక కొద్దిమందితో కలిసి ఆయన దక్షిణంగా, అడవుల మీదుగా, కాలినడకన మైదానాలకు బయల్దేరారు. రోజుల తరబడి నడిచారు. ఫుదుంగ్ దగ్గర పొంచి ఉన్నవాళ్ల తూటాలకు చనిపోయారు. ఢిల్లీలో కాల్పుల విరమణ వార్త అప్పటికి పాతబడిపోయింది.